రెండు నీలం పాస్‌పోర్టులు

మార్చి 18, 2012, ఆదివారం. ప్లెయిన్స్‌బరో

కొంప మునిగింది.

మధ్యాహ్నం భోజనాల వేళ అమ్మాయి శ్రీలేఖ సన్నీవేల్ నుంచి ఫోన్ చేసింది. మా నలభయ్యో పెళ్లిరోజుకి కానుకగా బుడాపెస్ట్‌కి టిక్కెట్లు కొనేసిందట. మే నెలలో ఆరు రోజులు. డాన్యూబ్ నది ఒడ్డునే హోటలు. డబ్బు వెనక్కి రాని టిక్కెట్లు కనక నాన్న ఏ సాకూ చెప్పకూడదని ముందే హెచ్చరించింది. నా సంగతి దానికి బాగా తెలుసు. తెలియనిది ఒక్కటే.

నళిని స్పీకర్‌ఫోన్ ముందు నిలబడి చప్పట్లు కొట్టింది. అరవై రెండేళ్ల మనిషి, ముప్పయ్యేళ్లు ఆపరేషన్ థియేటర్లో జనానికి మత్తుమందిచ్చిన డాక్టరు, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నెవార్క్‌లో రెసిడెన్సీ చేసేటప్పుడు ఇలోనా అనే నర్సు ఈమెకి స్నేహితురాలు. ఆవిడది ఆ ఊరే. డ్యూటీలో ఖాళీ దొరికితే చాలు ఆ నది, ఆ వంతెనలు, ఆ వేణ్ణీళ్ల స్నానాలు అంటూ చెప్పీ చెప్పీ, చివరికి తిరిగి చూడకుండానే పోయింది. "ఇలోనా బదులు నేను చూసొస్తాను" అని నళిని అంటూనే ఉంది, ఇన్నేళ్లూ.

నేనూ చప్పట్లు కొట్టాను. ఏం చెయ్యను?

ఈ పుస్తకం ఎవరూ చదవరు కనక రాసేస్తున్నాను. నేను అమెరికా పౌరుణ్ణి కాను. గ్రీన్‌కార్డుతో, ఇండియన్ పాస్‌పోర్టుతో ఉంటున్నాను. నళిని పౌరురాలై ఇరవయ్యేడేళ్లయింది. నేను ఆమెకంటే నెల ముందే అయ్యానని ఆమె నమ్మకం. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బుడాపెస్ట్‌కి వీసా లేకుండా వెళ్లొచ్చు. నాకు వీసా కావాలి.

ఇంకో సంగతి కూడా రాయాలి, సిగ్గుగా ఉన్నా. ప్రతి ఆదివారం లైబ్రరీలో సిటిజెన్‌షిప్ క్లాసు చెప్పేది నేనే. పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లకి పరీక్షలో అడిగే వంద ప్రశ్నలూ తెలుగులో వివరించి, ఇంగ్లీషులో జవాబులు బట్టీ పట్టిస్తాను. నలభై ఒక్కమందిని పాస్ చేయించాను. ఒక్కరూ తప్పలేదు.

మార్చి 19

అది అబద్ధం కాదు. చెప్పకపోవడం. రెండిటికీ తేడా ఉంది.

మార్చి 20

నిన్న రాసింది ఇవాళ చదివితే అంత గట్టిగా అనిపించలేదు. జరిగింది జరిగినట్టు రాసుకుంటే మనసు తేలిక పడుతుందేమో.

1985. నెవార్క్‌లో పౌరసత్వం ఇంటర్వ్యూ. ఆఫీసరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, అమెరికా మొదటి అధ్యక్షుడు ఎవరని. మామూలు మనిషైతే వాషింగ్టన్ అని చెప్పి ఊరుకుంటాడు. నేను "ఏ రాజ్యాంగం ప్రకారం?" అన్నాను. వాషింగ్టన్‌కి ముందు కాంగ్రెస్‌కి అధ్యక్షులుగా ఉన్నవాళ్ల సంగతి ఎత్తుకుని పేర్లతో సహా చెప్పాను. ఆయన ఓపిగ్గానే విని, "అయితే మీ జవాబేమిటి?" అన్నాడు. నేను "మీ ప్రశ్నే సరిగ్గా లేదు" అన్నాను. మిగతా ప్రశ్నలూ ఇంచుమించు ఇలాగే నడిచాయి. ఇంకోసారి రమ్మని తేదీ ఇచ్చారు. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ప్రశ్న అడగటం రానివాడి ముందు మళ్లీ కూర్చోవడమా అని ఒళ్లు మండి వెళ్లలేదు.

ఇంటికొచ్చేసరికి నా స్నేహితుడు వీరభద్రం వాళ్లూ ఇంకో రెండు కుటుంబాలవాళ్లూ హాల్లో ఉన్నారు. తలుపు తియ్యగానే అందరూ "కంగ్రాచ్యులేషన్స్!" అని అరిచారు. నేను నోరు తెరిచాను, చెప్పడానికే. నళిని ఆ నోట్లో చెంచాడు పాయసం పెట్టింది. నోట్లో పాయసం పెట్టుకుని నిజం చెప్పడం ఎవరికైనా కష్టం.

మింగాక చెప్పొచ్చు కదా అంటే, అప్పటికి వీరభద్రం ఫొటో తీసేశాడు.

మార్చి 22

ఇరవయ్యేడేళ్లు ఎలా నెట్టుకొచ్చానో తలుచుకుంటే నా తెలివికి నాకే ముచ్చటేస్తుంది. పౌరసత్వ ప్రమాణానికి నళినికి డ్యూటీ ఉన్న రోజు చూసి, ఒక్కణ్ణే వెళ్లొచ్చానన్నాను. ప్రతి నవంబరులో నళినిని పోలింగ్ దగ్గర దింపి, నేను పొద్దున్నే వేసేశానని చెబుతాను. జ్యూరీ పిలుపు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ "పౌరుణ్ణి కాను" అని నిజాయితీగా టిక్కు పెట్టి పంపాను. నళినితో నడుం నొప్పని రాశానన్నాను. ప్రభుత్వంతో ఎప్పుడూ అబద్ధమాడలేదు.

ఇండియా వెళ్లినప్పుడు మాత్రం కొంచెం చాకచక్యం కావాలి. అక్కడ విదేశీయులకి వేరే లైను. "ఇటువైపు నాకు తెలిసిన ఆఫీసరున్నాడు, నన్నొక్కణ్ణయితే పంపిస్తాడు, ఇద్దరినీ అంటే మొహమాటపడతాడు" అని నళినిని ఆ లైన్లో నిలబెట్టి, నేను మనవాళ్ల లైన్లోంచి హాయిగా బయటపడతాను. వీసాల పనీ పాస్‌పోర్టుల పనీ అంతా నాదే. రెండు పాస్‌పోర్టులూ నీలమే కావడం దేవుడు చేసిన సాయం. పైన తోలు కవర్లు తొడగడం నేను చేసుకున్న సాయం.

మార్చి 25, ఆదివారం

క్లాసులో ధనమ్మగారు చెయ్యెత్తారు. డెబ్భై ఏళ్లు, తెనాలి. కొడుకు దగ్గర ఉంటున్నారు. వచ్చే నెల ఇంటర్వ్యూ.

"మాస్టారూ, మీకప్పుడు ఏ ప్రశ్నలడిగారండీ?"

"మొదటి అధ్యక్షుడు ఎవరని అడిగారండీ."

"అంతేనా! అది మా మనవడు కూడా చెబుతాడు" అన్నారావిడ.

క్లాసు పావుగంట ముందే ముగించాను.

ఏప్రిల్ 1

శ్రీలేఖ ఫోన్. విమానం వాళ్ల వెబ్‌సైట్‌లో ఇద్దరి పాస్‌పోర్టు నంబర్లూ ఎక్కించాలట. నాది నేనే ఎక్కించుకుంటానన్నాను. "నాన్నా, నీకు పాస్‌వర్డ్ గుర్తుండదు, జస్ట్ చెప్పు" అంది. నళిని పక్క గదిలోనే ఉంది. మెల్లిగా చదివాను.

"లెటర్‌తో స్టార్ట్ అవుతుందా? యూఎస్ పాస్‌పోర్ట్‌కి అన్నీ నంబర్సే కదా. వాట్ ఈజ్ దిస్, నాన్నా?"

గరాజ్‌లోకి వెళ్లి, కారెక్కి, అద్దాలు బిగించి, అంతా చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను.

"అమ్మకి తెలీదా? ట్వెంటీ సెవెన్ ఇయర్స్?"

"సందర్భం రాలేదమ్మా."

"బుడాపెస్ట్ నుంచి తిరిగి వచ్చే లోపల నువ్వు అమ్మకి చెప్పాలి. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. ఐ యామ్ సీరియస్, నాన్నా."

దాని పట్టుదల నాకు తెలుసు. నా దగ్గర్నుంచి వచ్చిందే. నళిని చెయ్యి విసురుతుందనో అరుస్తుందనో నాకు భయం లేదు. ఆమె ఇక నా మాట నమ్మడం మానేస్తుంది. మందులేసుకున్నానన్నా డబ్బా తెరిచి లెక్క చూస్తుంది. అదీ నా భయం.

ఏప్రిల్ 6

వీసా కోసం న్యూయార్క్ వెళ్లొచ్చాను. నళినితో పంటి డాక్టరన్నాను. ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలెక్కి, ఫైలు చంకలో పెట్టుకుని, అరవయ్యారేళ్ల వయసులో దొంగబడి పిల్లాడిలా దిక్కులు చూసుకుంటూ కాన్సులేట్‌కి చేరాను. కిటికీ అవతలి అమ్మాయి మర్యాదస్థురాలు. కాగితాలు తిరగేసి, "ఇన్నేళ్లుగా ఇక్కడుండి ఇండియన్ పాస్‌పోర్టేనా?" అంది. దేశభక్తి మీద నాలుగు ముక్కలు చెబుదామనుకుని, ఎందుకో మానేశాను.

ఫారంలో నా దేశం ఒక గడిలో, భార్య దేశం ఇంకో గడిలో రాయమన్నారు. రెండూ పక్కపక్కన రాసి చూడటం ఇదే మొదటిసారి. చూడ్డానికి బాగోలేదు.

ఇంటికి రాగానే నళిని "ఏదీ, నోరు తెరవండి" అంది. డాక్టర్ని పెళ్లి చేసుకున్నాక పంటి డాక్టరు సాకు చెప్పకూడదు. "రెండు వారాలాగి రమ్మన్నాడు" అన్నాను.

ఏప్రిల్ 21

పోస్టులో కవరొచ్చింది. మెయిల్ బండి చప్పుడు వినగానే చెప్పుల్లేకుండా పరిగెత్తాను. వీసా ఉంది. నళిని కిటికీలోంచి చూసి, "ఏమిటండీ ఆ పరుగు?" అంది. వ్యాయామమన్నాను.

ఏప్రిల్ 29

ధనమ్మగారు పాసయ్యారు. లడ్డూలు పంచారు. నాకు రెండిచ్చి కాళ్లకి దణ్ణం పెట్టబోయారు. నేను కుర్చీతో సహా వెనక్కి జరిగాను.

మే 9

వీరభద్రం తన చిన్న రైస్ కుక్కర్ ఇచ్చి వెళ్లాడు. యూరప్ వెళ్లే తెలుగువాళ్లందరూ దాన్ని వంతులవారీగా తీసుకెళుతున్నారట. "ప్లగ్గు కొస మార్చే అడాప్టర్ ఒకటి పెట్టుకో శేషూ, చాలు" అన్నాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరుకి చెబుతున్నాడు!

మే 12. బుడాపెస్ట్

వచ్చేశాం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాస్‌పోర్టులు చూసేచోట ఇండియాకీ అమెరికాకీ ఒకటే లైను. ఎంత సమన్యాయం! "ఒక్కొక్కరే రావాలట" అని ముందు నేను దాటేశాను. హోటల్లో నళినిని సోఫాలో కూర్చోబెట్టి కౌంటర్ దగ్గరికి నేనే వెళ్లాను. అంతా సాఫీగా జరిగింది. ఇలా అయితే నలభయ్యేళ్లైనా నడపొచ్చు.

కిటికీ తీస్తే నది. నేననుకున్నంత నీలంగా లేదు. మన కృష్ణా కాలవ రంగే. దాని మీద పడవలు, ఒడ్డున పసుపు రంగు ట్రాములు, అవతల గుట్ట మీద కోట. నళిని కిటికీ దగ్గర్నుంచి కదలలేదు. "ఇలోనా చెప్పిందాంట్లో ఒక్కటీ అతిశయోక్తి కాదండీ" అంది. కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు చెప్పడం బాగుండదు. రేపు.

మే 13

కుక్కర్ కాలిపోయింది. ఇక్కడి వోల్టేజి అమెరికా వోల్టేజికి రెట్టింపు. అడాప్టర్ ప్లగ్గు కొసని మారుస్తుంది గానీ వోల్టేజిని మార్చదు. ఈ పాఠం నేను ఉద్యోగంలో కుర్రాళ్లకి చెప్పినవాణ్ణే. చిన్న చప్పుడు, కొంచెం పొగ, ఆ అంతస్తంతా దీపాలు పోయాయి. హోటలువాడు పరిగెత్తుకుంటూ వచ్చేసరికి గిన్నెలో నానిన బియ్యం.

"ముప్పయ్యయిదేళ్లు మీరు చేసింది ఇదే ఉద్యోగమా?" అంది నళిని.

మధ్యాహ్నం ఊరు చూపించే అమ్మాయి వెంట పాత వంతెన ఎక్కాం. రెండు కొసలా రాతి సింహాలు. వాటికి శిల్పి నాలుకలు చెక్కడం మరిచాడని ఊళ్లో హాస్యమాడతారట. అదృష్టవంతులనుకున్నాను. ఆ అమ్మాయి ఇంకా చెప్పుకుపోతోంది. అటువైపు బుదా, ఇటువైపు పెస్ట్, వేరు వేరు ఊళ్లట ఒకప్పుడు. ఎదురెదురుగా ఉండి ఎవరి బతుకు వాళ్లు బతికి, చివరికి ఒక్క పేరు పెట్టుకున్నాయట. నళిని నన్ను మోచేత్తో పొడిచి "మనలాగే" అంది. చెబుదామని నోరు తెరిచాను. అప్పుడే గాలికి ఆమె స్కార్ఫ్ ఎగిరింది. దాన్ని పట్టుకోవడంతో సరిపోయింది.

రేపు.

మే 14

పెద్ద బజారుకెళ్లాం. ఎండుమిరపకాయల దండలు చూసి నళిని పుట్టింటికి వచ్చినంత సంబరపడింది. కొట్టావిడ కారం రుచి చూడమని వేలి మీద వేస్తే, చప్పరించి, "ఇది రంగు. కారం ఇంకా పడలేదు" అని గుంటూరు తీర్పు చెప్పింది. లాంగోష్ అని పళ్లెమంత పూరీ అమ్ముతున్నారు. దాని మీద మీగడా చీజూ వేస్తామంటే వద్దని, సంచీలోంచి ఆవకాయ తీసి రాసింది. పక్కనున్న జర్మన్ ముసలాయన అడిగి మరీ రుచి చూసి, మంచినీళ్ల కోసం వెళ్లి మళ్లీ రాలేదు. చాలా నవ్వాం. నవ్వుతున్న మనిషికి ఎలా చెబుతాం?

రేపు.

మే 15

వేణ్ణీళ్ల స్నానాలు. పసుపు రంగు మేడల మధ్య చెరువంత తొట్టె, పొగలు కక్కే నీళ్లు. అందులో నడుం లోతున నిలబడి ముసలాళ్లు చదరంగం ఆడుతున్నారు. నేను ఒడ్డున ప్యాంటు మడిచి కాళ్లు ముంచి కూర్చున్నాను. నళిని గదిలోకి వెళ్లి ఈతదుస్తుల్లో బయటికొచ్చింది! మోకాళ్ల దాకా ఉన్న నల్లటిది. నెలక్రితమే కొని నాకు చెప్పకుండా పెట్టె అడుగున దాచిందట. "మీరు నవ్వుతారని చెప్పలేదు" అంది.

చూశారా, అందరూ దాస్తారు. ప్రపంచంలో నేనొక్కణ్ణే కాదు.

నీళ్లలో ఆమె ముఖం చూస్తే పాతికేళ్లు తగ్గినట్టుంది. మనసు బాగుంది కనక ఇవాళే చెబుదామనుకున్నాను. మనసు బాగుంది కనకే చెప్పలేదు.

శ్రీలేఖ మెసేజ్: "చెప్పావా?" రేపు అని కొట్టాను.

మే 16

చెప్పలేదు. తెలిసిపోయింది.

నది వెంటే నడిచే రెండో నంబరు ట్రాము ఎక్కాం. స్టాప్‌లో బోర్డు మీద అరవై అయిదు దాటినవాళ్లకి టిక్కెట్టు అక్కర్లేదని ఉంది. నళినికొకటి కొని, నాకు మానేశాను. "అది మీకు వర్తిస్తుందా?" అంది. "అరవయ్యారు అరవై అయిదు కంటే ఎక్కువే" అన్నాను. బోర్డు కింది వరస చిన్న అక్షరాల్లో ఉంది. కళ్లద్దాలు జేబులోనే ఉన్నాయి.

పార్లమెంటు దాటాక చేతికి పట్టీ కట్టుకున్న తనిఖీ ఆయన వచ్చాడు. నా వయసు చెప్పాను. యూరప్ పౌరులకే ఆ రాయితీ అన్నాడు. అక్కడ ఆగాల్సింది. ముసలితనానికి పౌరసత్వం ఏమిటని మొదలుపెట్టాను. బోర్డు మీద పెద్ద అక్షరాలకీ చిన్న అక్షరాలకీ ఉన్న న్యాయసంబంధం గురించి మాట్లాడాను. ట్రాములో సగంమంది మావైపే చూస్తున్నారు. ఆయన విసిగిపోయి పాస్‌పోర్ట్ అడిగాడు.

పొద్దున నా జేబు బరువుగా ఉందని పాస్‌పోర్టులు రెండూ తన సంచీలో వేసుకున్నది నళినే. గొడవ తెగ్గొడదామని నేను అడ్డుపడేలోగా తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన తోలు కవరు తెరిచి, "ఇండియా" అన్నాడు.

"కాదు, అమెరికా" అంది నళిని ఇంగ్లీషులో, మర్యాదగా.

ఆయన పేజీ ఆమె వైపు తిప్పి చూపించాడు. నా ఫొటో ఉంది, నా పేరుంది, మూడు సింహాలున్నాయి. పక్క పేజీలో వీసా. నళిని కళ్లద్దాలు పెట్టుకుని పూర్తిగా చదివింది, పేషెంటు రిపోర్టు చదివినట్టు. తర్వాత జరిమానా తనే కట్టి, వచ్చే స్టాప్‌లో దిగిపోయింది. నేనూ దిగాను.

ఒడ్డు వెంట చాలా దూరం నడిచింది. ఇరవై అడుగుల వెనక నేను. ఒక బెంచీ మీద కూర్చుంది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను, 1985 నుంచీ. మధ్యలో "నిజానికి దాన్ని ఫెయిలవడం అనకూడదు" అన్నాను. తలెత్తి చూసింది. ఆ వాక్యం అక్కడే వదిలేశాను.

"నాకు ఇష్టం లేదు, తెలుసా మీకు?" అంది. "నా పాస్‌పోర్టు వదులుకోవడం నాకు ఇష్టం లేదు. మీరప్పటికే అయిపోయారు కదా, మొగుడొక దేశం పెళ్లామొక దేశం ఎందుకని వెళ్లాను. ప్రమాణం చేసే హాల్లో చెయ్యెత్తి నిలబడి మీకోసం చూశాను. మీరు పై బాల్కనీలో కెమెరా పట్టుకుని కూర్చుని, నవ్వమని సైగ చేశారు."

నాకా సైగ గుర్తుంది.

"హైదరాబాద్‌లో దిగిన ప్రతిసారీ ఫారినర్స్ లైన్లో ఒక్కదాన్నే నిలబడ్డాను. మా ఊళ్లో నేను ఫారినర్ని. పోనీలే, ఈయనా అంతే కదా అనుకునేదాన్ని. అవతల మీకు తెలిసిన ఆఫీసరు... ఉన్నాడా?"

"లేడు."

"ఫెయిలయ్యానని చెప్పుంటే నవ్వి ఊరుకునేదాన్ని. నేనూ వెళ్లేదాన్ని కాదు."

ఇన్నేళ్లూ ఇది నా పరువు సంగతే అనుకున్నాను. ఆమెని ముందుకి తోసి నేను వెనకే ఉండిపోయానని ఒక్కసారీ తోచలేదు. ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు.

మే 17

నళిని నది మీద పడవ షికారుకి ఒక్కతే వెళ్లింది. ముందే కొన్న రెండు టిక్కెట్లూ తీసుకునే వెళ్లింది. "రెండో సీటు ఇలోనాది" అంది.

వంతెన మీద నిలబడ్డాను. పడవ కిందినుంచి వెళ్లింది. పైడెక్కు మీద ఆమె, పక్క సీట్లో ఆమె సంచీ. నన్ను చూసింది. చెయ్యి ఊపలేదు. నేను ఊపాను.

మే 18. ప్లెయిన్స్‌బరో

నెవార్క్‌లో దిగాం. ఇక్కడ పౌరులకీ గ్రీన్‌కార్డులకీ ఒకటే లైను. ఆఫీసరు ఇద్దరినీ చూసి "వెల్‌కమ్ హోమ్" అన్నాడు. నళిని తెలుగులో "ఈయనకింకా కాదు" అంది.

మే 27, ఆదివారం

నళిని నా క్లాసుకొచ్చి ఆఖరి వరసలో కూర్చుంది. చేతులు కట్టుకుని కూర్చుంది, అంతే. పది నిమిషాలకి బోర్డు తుడిచేసి, అందరికీ చెప్పేశాను.

ధనమ్మగారు కొత్తవాళ్లకి ధైర్యం చెప్పడానికని వచ్చారు. "అదేంటి మాస్టారూ! నీళ్లలో దిగకుండానే మాకు ఈత నేర్పారా!" అన్నారు. వీరభద్రానికి సాయంత్రానికల్లా తెలిసిపోయింది. ఫోన్లో నవ్వీ నవ్వీ దగ్గొచ్చి పెట్టేశాడు.

జూన్ 3

భోజనాల బల్ల మీద పౌరసత్వం ఫారం ఉంది. ఎవరు పెట్టారని అడగలేదు.

జూన్ 10

అక్కడే ఉంది. దాని పక్కనే కంచాలు పెట్టుకుని తింటున్నాం. "పెరుగు", "ఉప్పు", "మందు" తప్ప మాటల్లేవు. మందులేసుకున్నానంటే డబ్బా తెరిచి చూస్తోంది.

జూన్ 24

ఇవాళ నేనే అడిగాను. "నన్నేం చెయ్యమంటావు నళినీ?"

"ఇద్దరిలో ఒకరు మారాలి. నేనొకసారి మారాను" అంది.

ఇండియా మీద ప్రేమ కొద్దీ మానేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ప్రేమ ఉంది, కాదనను. కానీ మానేసింది ప్రేమ వల్ల కాదు. మళ్లీ తప్పుతానేమోనన్న భయం వల్ల.

జులై 1

ఫారం నింపాను, ఒక్క ప్రశ్న తప్ప. ఎప్పుడైనా, ఏ విధంగానైనా, అమెరికా పౌరుణ్ణని చెప్పుకున్నారా? అవును, కాదు.

వీరభద్రానికి ఫోన్ చేశాను. "కాదని పెట్టు శేషూ! అవునంటే ఉన్న గ్రీన్‌కార్డుకే ఎసరు. ఈ వయసులో పెట్టె సర్దుకుంటావా? అయినా పెళ్లాంతో చెప్పిందాన్ని ఎవరు లెక్కేస్తారు?" అన్నాడు. లాయరు కూడా కొంచెం గొంతు సవరించుకునే, ప్రమాదం తక్కువే గానీ లేదనలేనన్నాడు.

నళిని ఫారం చూసింది. ఆమె ముఖంలో కూడా భయం కనిపించింది. "నిజం రాయండి. పంపించేస్తే ఇద్దరం పోదాం" అంది.

అవునని పెట్టాను. "భార్యతో, 1985లో" అని పక్కన రాశాను.

సెప్టెంబర్ 16

నళిని రోజూ ప్రశ్నలు అడుగుతోంది. వంటగదిలో గరిటె పట్టుకుని.

"సెనేటర్లు ఎంతమంది?"

"వందమంది. అయితే మొదట్లో..."

గరిటె లేచింది. "వందమంది" అన్నాను.

అక్టోబర్ 23. నెవార్క్ నుంచి వచ్చాక

ఆఫీసరు నా అల్లుడయ్యే వయసువాడు. ఆరు ప్రశ్నలు అడిగాడు. ఆరింటికీ ఆరు జవాబులు, ముక్కకి ముక్క. ఒక ప్రశ్నలో చిన్న లోపముంది. పళ్లు బిగించాను.

ఆ తర్వాత ఫారం తిరగేస్తూ ఆగాడు. "పౌరుణ్ణని చెప్పుకున్నారా అంటే అవునని పెట్టారు. ఎవరితో?"

"నా భార్యతో."

పెన్ను కింద పెట్టాడు. "ఇంకెవరితోనైనా? ఉద్యోగానికి? ఓటుకి?"

"ఎప్పుడూ లేదు. ఆవిడతోనూ, ఆవిడ వల్ల స్నేహితులతోనూ."

"దాని వల్ల మీకేం లాభం కలిగింది?"

"ఏమీ లేదు సర్. ఇరవయ్యేడేళ్లు భయపడ్డాను."

నా గ్రీన్‌కార్డు ఆయన బల్ల మీదే ఉంది.

"ఎప్పుడో అర్హత వచ్చింది మీకు. ఇన్నేళ్లు ఆగి ఇప్పుడెందుకు?"

లాయరు రాసిచ్చిన జవాబొకటుంది. ప్రజాస్వామ్యం, బాధ్యత, రెండు వాక్యాలు. బట్టీ పట్టాను కూడా. అది నోటికి రాలేదు.

"నేను వెనకే వస్తున్నాననుకుని నా భార్య ముందు వెళ్లిపోయింది. అప్పట్నుంచీ అక్కడ ఒక్కతే ఉంది. ఆమెకి తోడు వెళ్లాలి" అన్నాను.

ఆయన ఏదో రాసుకుని, సంతకం పెట్టి, పాసయ్యానన్న కాగితం నా వైపు జరిపాడు.

బయట హాల్లో నళిని నిలబడే ఉంది. కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివింది. నా మాట మీద నమ్మకం రావడానికి ఇంకా టైం పడుతుంది, పట్టనీ. ఏమడిగారంది. ఒక్కటీ దాచకుండా చెప్పాను, ఆఖరి ప్రశ్నా దానికి నేనిచ్చిన జవాబూ, ఆయనతో ఇంగ్లీషులో అన్నది అన్నట్టే.

కారెక్కి, బెల్టు పెట్టుకుని, స్టీరింగ్ మీద చేతులు వేసి కూర్చుంది. స్టార్ట్ చెయ్యలేదు.

"ఆయనకి ఇంగ్లీషులో చెప్పారు" అంది. "నాకు తెలుగులో చెప్పండి."

చెప్పాను.